సంఘబలము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు 2016 వఱకు మహబూబ్‌నగరు జిల్లాలోని భాగములు. ఈ సీమకే పాలమూరని పేరు. కృష్ణానది చెంతనే పాఱుచున్నను, వానపై ఆధారపడిన మెట్టపొలములు చిరకాలము పేదల కడుపు నింపజాలకపోయెను. అందువలన వేలకొలది కూలీలు పరస్థలముల కేగి ఆనకట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి. మేస్త్రీ వారికి ముందుగా కొంత రొక్కమిచ్చెడివాడు. ఆ బాకీ తీరువఱకు అతడిచ్చిన కూలికే పనిచేయవలసివచ్చెడిది. ఒంటరిగా నెవడైన హెచ్చు కూలి యడిగినచో, 'నీవు కాకున్న మఱియొకడు' అను మాటయే సమాధానము.

అందఱు నొక్కటై యడిగినచో ఆ మాట చెల్లదు. కార్మిక సంఘమునకు మూలమిదియే. 1926లో వెలసిన చట్టము, ఏడుగురు కూడి సంఘమును నమోదు చేయించుకొనుటకు అవకాశ మొసగెను. అందు చేరుట కార్మికుని యిష్టము, నిర్బంధము లేదు.

అయితే సంఘము సాధించిన ఫలమెవరిది? 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ప్రకారము, రాజీ అధికారి సమక్షమున కుదిరిన ఒప్పందము ఆ కర్మాగారమందలి కార్మికులందఱకును వర్తించెడిది. చందా కట్టనివానికిని కూలి పెరిగెడిది. ఇది యుక్తమే. సభ్యులకే కూలి హెచ్చినచో, యజమాని చౌకగా దొరకు ఇతరులనే పనిలో నిలుపును. అప్పుడు సభ్యులే నష్టపోవుదురు.

కాని బాలలారా! అందఱును పండ్లకే చేయి చాచినచో చెట్టునకు నీరు పోయువారెవ్వరు? ఒక్కొక్క మేస్త్రీ క్రింద ఒక్కొక్క చోటికి చెదరిపోయిన పాలమూరు కూలీలకు సంఘము కట్టుకొనుట దుర్లభమయ్యెను. ఆ లోటు వారి కూలిలో కనబడెను. సంఘమున చేరుమని బలవంతపెట్టుట తగదు. తోడివాని పాటుచే పెరిగిన కూలి నందుకొని, అతని భారమును పంచుకొనకుండుటయు తగదు.