పట్టా చూస్తే బెదిరే గుర్రం

ప్రశ్న: మా నాలుగేళ్ల ఆడగుర్రం టార్పాలిన్ పట్టా రెపరెపలాడితే చాలు, పక్కకు దూకేస్తోంది. పెళ్లి ఊరేగింపులకు తిప్పాలని మా ఆలోచన. గట్టిగా కట్టేసి పట్టాను ఒంటికి రుద్దితే భయం పోతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: కట్టేసి మాత్రం చేయకండి. గుర్రానికి పారిపోవడమే ఆత్మరక్షణ. ఆ దారి మూసేస్తే తాడు తెంపుకుంటుంది, లేదా కొయ్యబారి నిలబడిపోతుంది. దాన్నే మనవాళ్లు ‘మాట వింటోంది’ అనుకుంటారు!

పగ్గం వదులుగా పట్టుకుని, పట్టాను చిన్నగా మడిచి ఇంకొకరి చేతికివ్వండి. వాళ్లు ముందు నడుస్తుంటే మీరు గుర్రంతో వెనక వెళ్లండి. దూరంగా పోయే వస్తువంటే దానికి భయం తక్కువ, కుతూహలం ఎక్కువ. తర్వాత పట్టాను దగ్గరకు తెచ్చేటప్పుడు, చెవులు నిక్కి మెడ బిగిసేలోపే ఆపండి. అది తల దించి, పెదవులు నాకుతూ ఊపిరి వదిలాకే పట్టాను వెనక్కి తీయండి. అది గింజుకుంటున్నప్పుడు తీశారో, గింజుకుంటే పని జరుగుతుందని నేర్పినట్టే. ఈ సమయం చూసుకోవడమే అసలు విద్య. కుదురుగా నిలబడితే జూలు మొదట్లో గోకండి. చరచడం కన్నా అదే దానికి ఇష్టం.

కుడి, ఎడమ రెండు వైపులా విడివిడిగా అలవాటు చేయాలి. కళ్లు పక్కలకు ఉండటంతో తోక వెనక, నుదుటి ముందు దానికి కనపడదు. అక్కడి నుంచి హఠాత్తుగా వెళ్లొద్దు. ఒక్క వైపే బెదురుతుంటే ముందు పశువైద్యుడితో కంటిచూపు పరీక్ష చేయించండి. బ్యాండు, టపాసుల సంగతి పట్టా పాఠం పూర్తయ్యాకే.