రోజుకొక రూపాయి

ధనమంటే ఆశ ఎంత సహజమో, భయమూ అంత సహజం. బ్యాంకు మెట్లెక్కడానికి జంకేవారు, నెలాఖరున లెక్క చూసుకోవడానికి వెనుకాడేవారు చదువుకొన్నవారిలోనూ ఉన్నారు. లెక్కను తప్పించుకొని తిరిగేకొద్దీ ఈ భయం పెరుగుతుంది. చిన్న అలవాటుతో దీనిని జయించవచ్చునని నెల్లూరు జిల్లా గ్రామీణ మహిళలు నిరూపించారు.

1990వ దశకం తొలినాళ్లలో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగింది. రాత్రిబడులలో అక్షరాలు దిద్దిన స్త్రీలు తమ కష్టార్జితం సారాకు ఎలా ఆహుతి అవుతున్నదో గ్రహించారు. 1992లో దూబగుంటలో రగిలిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది. ఆ చైతన్యం నుండే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు వెలిశాయి. సభ్యురాలు రోజుకొక రూపాయి దాచాలన్నది వాటి నియమం. నెలకు ముప్పై రూపాయలు స్వల్పమే. కాని ఆ సొమ్మును అందరి ఎదుట లెక్కించి, పుస్తకంలో వ్రాసి, బ్యాంకులో జమచేయడంతో వారికి డబ్బుతో పరిచయం కలిగింది, పరిచయం ధైర్యాన్నిచ్చింది.

వారి ఆచరణ నుండి మనం నేర్వదగినవి మూడు. మొదటిది, చేతికి వచ్చిన దానిలో కొంత ముందుగా దాచి, మిగిలినది ఖర్చు చేయడం. మిగిలితే దాచుదామనుకొనేవారికి ఏదీ మిగలదు. రెండవది, ఖర్చును ఏ రోజుకారోజు వ్రాసుకోవడం. టీకి, సెల్‌ఫోన్ రీచార్జికి ఎంత పోయిందో కాగితంమీద చూసినప్పుడే అవసరమేదో, సరదా ఏదో తేటతెల్లమవుతుంది. మూడవది, అప్పు చేసేముందు వడ్డీని ఏడాదికి లెక్కగట్టడం. ‘నూటికి మూడు రూపాయల వడ్డీ’ అంటే వినడానికి స్వల్పంగా తోస్తుంది. అది నెల వడ్డీ. పదివేల రూపాయల అప్పుకు ఆ లెక్కన ఏడాదికి 3,600 రూపాయలు చెల్లించాలి. అసలు అలాగే ఉంటుంది. రోజుకు పది రూపాయలు దాచినవారికి ఏడాదిలో 3,650 రూపాయలు చేరుతాయి. ఒకరు వడ్డీకి ధారపోసినంత సొమ్మును మరొకరు కూడబెట్టగలరన్నమాట.

విద్యార్థులకు సంపాదన లేకపోవచ్చు. అయినా బస్సు చార్జీలకు ఇచ్చిన దానిలో మిగిలిన చిల్లరతోనైనా ఈ అభ్యాసం ఆరంభించవచ్చు. పాస్‌బుక్కులో అర్థంకాని పద్దు కనిపిస్తే బ్యాంకు ఉద్యోగిని అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. అది మన సొమ్ము. అడగడం మన హక్కు. పలక పట్టిన చేతులతోనే పద్దు పుస్తకం పట్టిన ఆ తల్లులకు లేని సంకోచం మనకెందుకు?

అభ్యాసం

1. పొదుపు లక్ష్మి సంఘాలు ఏర్పడిన నేపథ్యాన్ని వివరించండి.
2. ‘నూటికి రెండు రూపాయల వడ్డీ’కి 5,000 రూపాయల అప్పు తీసుకొంటే ఏడాదికి వడ్డీ ఎంత?
3. ఒక వారంపాటు మీ ఖర్చులు వ్రాసి, గమనించిన విషయాలను పది వాక్యాలలో తెలపండి.