రాత్రి అన్నం మానేసిన పిల్ల

"పిల్ల లక్షణంగా ఉంది. కాస్త ఒళ్ళు తగ్గితే ఇంకా బాగుంటుంది." చల్లపల్లి వైపు పెళ్ళిచూపుల్లో ఈ మాట అన్నవాళ్ళు కాఫీ గ్లాసు కింద పెట్టేలోపే మరిచిపోతారు. విన్న పిల్ల ఆ రాత్రి అన్నం మానేస్తుంది. మర్నాడు టిఫిన్ ముట్టకుండా విజయవాడ బస్సెక్కుతుంది. సాయంత్రానికి కడుపు నకనకలాడి డబ్బాలో జంతికలన్నీ తినేసి, దొంగతనం చేసినట్టు కుమిలిపోయి, బాత్‌రూమ్ తలుపేసుకుని గొంతులో వేలు పెట్టుకుంటుంది. ఇంట్లోవాళ్ళు డైటింగ్ అనుకునే ఈ తంతు పదే పదే జరుగుతుంటే వైద్యులు దాన్ని బులీమియా అంటారు. దానికి ఆందోళన, వంశపారంపర్యం లాంటి కారణాలూ ఉంటాయి. వాటిని ఎగదోసేది మాత్రం మనం అందానికి పెట్టుకున్న కొలత.

ఆ కొలత ఏ తరంలోనూ నిలకడగా లేదు. 1957లో మాయాబజార్ శశిరేఖగా సావిత్రిని చూసి తెలుగువాళ్ళు మురిసిపోయారు. ఇవాళ అదే ఒంటితో ఒకమ్మాయి వేషం అడగబోతే ముందు జిమ్‌కి వెళ్ళి రమ్మంటారు. 2015లో 'సైజ్ జీరో' సినిమా కోసం నటి అనుష్క నిజంగానే బరువు పెరిగింది. ఒళ్ళు కరిగిస్తామనే సెంటర్ల మోసాన్ని నిలదీసిన కథ అది. అయినా చర్చంతా ఆవిడ బరువు చుట్టూనే తిరిగింది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమ్ 2020లో పేరు మార్చుకుంది, పెళ్ళి ప్రకటనల్లో 'తెల్లగా, నాజూగ్గా' అన్న మాటలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇన్నేళ్ళలో మన ఆడవాళ్ళ ఎముకల తీరు మారలేదు, చూసే కన్ను మారింది. అలాంటప్పుడు కొలతకి సరిపడకపోవడం పిల్ల తప్పెలా అవుతుంది?

ఇదంతా డబ్బున్న పట్నాల జబ్బు అనేవాళ్ళున్నారు. వాళ్ళు ఫిజీ దీవుల సంగతి చూడాలి. అక్కడ బొద్దుగా ఉండటమే మన్ననగా ఉండేది. అక్కడి నద్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. బడిపిల్లల్ని పరిశీలించిన పరిశోధకురాలు ఆన్ బెకర్ బృందానికి అప్పుడు బరువు తగ్గడానికి వాంతి చేసుకునే అమ్మాయి ఒక్కతీ కనిపించలేదు. 1998కల్లా అలాంటి అమ్మాయిలు 11.3 శాతం అయ్యారు. మూడేళ్ళు సరిపోయాయి. మన పల్లెల్లో ఇప్పుడు టీవీతో పాటు ఫోన్ కూడా ఉంది.

మరి ఊబకాయం సంగతేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం ఆడవాళ్ళకి అధిక బరువో ఊబకాయమో ఉంది. అదే సర్వేలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. ఈ రెండో అంకె నాకు ఎక్కువ దిగులు కలిగిస్తుంది. రక్తం తక్కువైన పిల్ల పూట మానేస్తే నీరసం మరింత పెరుగుతుంది, పైగా ఆ ఆకలే మర్నాడు అతిగా తినిపిస్తుంది. వరి పండే ఈ గడ్డ మీద కావలసింది పళ్ళెంలో అన్నం కాస్త తగ్గించి, పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచడం; నాలుగడుగులు నడవడం. సంబంధం కుదరాలి కదా అని తల్లి పడే బెంగ అబద్ధం కాదు. అయినా "ఒళ్ళు చేశావే" అనకుండా "తిన్నావా అమ్మా" అని అడిగే వీలు ఆ తల్లికే ఉంది. నెలసరి తప్పుతున్నా, జుట్టు రాలుతున్నా, భోజనం కాగానే పిల్ల బాత్‌రూమ్‌కి పోతున్నా తిట్టకుండా డాక్టరుకి చూపించాలి. నోరు విప్పి చెప్పుకోలేని పిల్ల అయితే 14416కి ఫోన్ చేస్తే చాలు. టెలీ మానస్ అనే ఆ మానసిక ఆరోగ్య సహాయ లైన్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.