మేడల ఎత్తు – వీధి సందడి

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

అమెరికా అనగానే మన కళ్లముందు మొదట మెదిలేవి ఆకాశహర్మ్యాలు. మా పెదనాన్న కొడుకు హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న వేసవిలో అక్కడి డౌన్‌టౌన్‌ను, అంటే నగరం నడిబొడ్డును, వీడియో తీసి పంపాడు. నేను గొప్పగా మా నాన్నకు చూపించాను. 75 అంతస్తుల మేడ చూసి కూడా ఆయన ఆశ్చర్యపోలేదు. "మిట్టమధ్యాహ్నం ఒక్క మనిషీ కనపడడేం? ఊరంతా పొలాలకు పోయిందా? ఇంతకీ వీళ్లు కూర్చునేది ఎక్కడరా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం వెతగ్గా తెలిసిన సంగతులే ఈ వ్యాసం. నేను అమెరికా చూసినవాణ్ణి కానని ముందే మనవి చేసుకుంటున్నాను.

హ్యూస్టన్: నేల కింద ఊరు

అక్కడ జనం లేక కాదు, జనం నేల కింద ఉన్నారు! ఎండకూ ఉక్కకూ తట్టుకోలేక ఆఫీసు మేడలను కలుపుతూ వీధికి సుమారు 20 అడుగుల లోతున సొరంగ మార్గాలు వేసుకున్నారు. మొత్తం పొడవు దాదాపు 6 మైళ్లు. హోటళ్లు, షాపులు అన్నీ ఏసీ చల్లదనంలో అక్కడే. శని, ఆదివారాల్లో చాలా భాగం మూత. కారు దిగినవాడు వీధి మొహం చూడకుండానే పని ముగించుకొని వెళ్లిపోవచ్చు. మనిషికి సుఖమే, కాదనను. కాని కాలువ నీళ్లు వేరే బోదెకు మళ్లితే చేను ఎండినట్లు, పైన వీధి ఎండిపోయింది.

చికాగో: రైలు దిగితే వీధే

1871 అగ్నిప్రమాదంలో చికాగో నడిబొడ్డు చాలా వరకు బూడిదయింది. తిరిగి కట్టుకుంటున్న కాలంలో, 1885లో, లోహపు చట్రంతో 10 అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనం లేచింది. తొలి ఆకాశహర్మ్యం అదేనని చాలామంది చెబుతారు. బరువును చట్రమే మోస్తే గోడలు మందంగా ఉండనక్కరలేదు. కింది అంతస్తులో షాపులకు పెద్ద పెద్ద అద్దాలు పెట్టుకోవచ్చు. ఎత్తు పెంచిన విద్యే వీధికి కళ కూడా తెచ్చిందన్నమాట! 1897 నాటికి స్తంభాల మీద రైలుమార్గం నడిబొడ్డును చుట్టివచ్చింది. అక్కడ ఈనాటికీ చాలా స్టేషన్లలో రైలు దిగినవాడు మెట్లు దిగి వీధిలోకే వస్తాడు.

ఇక్కడే ఇంకో పాఠమూ ఉంది. 1979లో స్టేట్ స్ట్రీట్‌లో కార్లను ఆపేసి, బస్సులకు మాత్రమే దారి ఉంచి, ఫుట్‌పాత్‌లు బాగా వెడల్పు చేశారు. సందడి పెరుగుతుందనుకుంటే, ఉన్నది కాస్తా పలచబడింది. 1996లో మళ్లీ కార్లను రానిచ్చారు. ఖాళీ జాగా పెంచినంత మాత్రాన మనుషులు రారు.

న్యూయార్క్: కూర్చునే చోటు

న్యూయార్క్‌లో డౌన్‌టౌన్ అంటే మన్‌హటన్ దీవి దక్షిణపు కొస. అక్కడ 1915లో కట్టిన ఈక్విటబుల్ భవనం చుట్టుపక్కల వీధులను నీడలో ముంచేసింది. మరుసటి ఏడే, ఎత్తుకు పోయేకొద్దీ మేడ వెనక్కు జరగాలని చట్టం వచ్చింది. మెట్లు మెట్లుగా కనిపించే ఆ పాత మేడల రూపానికి కారణం ఇదే. 1961లో ఇంకో పద్ధతి పెట్టారు: మేడ ముందు జనానికి ఖాళీ స్థలం వదిలితే అదనంగా కట్టుకోనిస్తారు. స్థలాలైతే వదిలారు గాని, వాటిలో చాలా వాటికి మనుషులే రాలేదు!

ఎందుకో తేల్చడానికి విలియం వైట్ అనే ఆయన 1970 తరువాత కెమెరాలు పెట్టి, మనుషులను లెక్కపెట్టి చూశాడు. ఎండా నీడా, స్థలం ఆకారం అని ఎన్నో ఊహించి, చివరికి తేల్చింది చాలా చిన్న మాట: కూర్చోవడానికి చోటున్న దగ్గరే మనుషులు కూర్చుంటారు. 1975లో నగరం నిబంధనలు మార్చి, అటువంటి స్థలాల్లో కూర్చునే వసతి ఉండి తీరాలంది. మా నాన్న అడిగిందీ అదే కదా!

ఎకరాల లెక్క

కూర్చోవడం సరే, నడకకు కూడా ఒక లెక్క ఉంది. సాల్ట్ లేక్ సిటీలో నాలుగు వీధుల నడుమ ఉండే ఒక్కో గడి 660 అడుగుల చదరం. మన లెక్కలో సరిగ్గా 10 ఎకరాలు. పోర్ట్‌లాండ్‌లో 200 అడుగుల చదరం, అంటే దాదాపు 92 సెంట్లు. పదెకరాల చేను చుట్టి నడవడమెక్కడ, ఎకరం గట్టు దాటడమెక్కడ! పోర్ట్‌లాండ్‌లో నాలుగడుగులు వేస్తే మూల, మూల తిరిగితే ఇంకో వీధి, ఇంకో షాపు. 1984లో అక్కడ కార్లు నిలిపే ఒక గడిని తీసేసి, చుట్టూ మెట్లున్న ప్రజల చౌకు కట్టారు. జనం ఆ మెట్ల మీదే కూర్చుంటారు.

ముగింపు

మేడ గొప్పతనం ఎత్తులో ఉండవచ్చు. వీధి ప్రాణం మాత్రం మన మోకాళ్ల ఎత్తులోనే ఉంది – గడప, మెట్టు, అరుగు, షాపు అద్దం.

రెండేళ్ల కిందట మా మండల కేంద్రంలో రోడ్డు వెడల్పు చేస్తూ బస్టాండు దగ్గరి వేపచెట్టునూ, దాని చుట్టూ ఉన్న అరుగునూ తీసేశారు. అప్పుడు "అభివృద్ధి అంటే అంతే" అని నాన్నతో వాదించినవాణ్ణి నేనే. కూరగాయలు అమ్ముకొని వచ్చి ఆ అరుగు మీద కూర్చునే మనిషి, ఇప్పుడు ఖాళీ గంప పట్టుకొని ఎండలో నిలబడి బస్సు కోసం చూస్తున్నాడు. ఆ రోజు వాదనలో నేను ఓడిపోయానని ఈ వ్యాసం ద్వారా ఆయనకు చెప్పుకుంటున్నాను. రేపు ఇంజనీర్లో, అధికారులో కాబోయే మిత్రులారా, మేడకు, రోడ్డుకు కొలతలు తీసేటప్పుడు ఒక అరుగుకు కూడా జాగా వదలండి.