అప్పు లేని నర్సింగు చదువు

“సార్, ఆడపిల్లను నర్సును చేస్తే నలుగురిల మాట పడాలె. పరాయి దేశంల ఏమైతదో ఏమో!” కొండగట్టు దగ్గరి మా బడిలో పదో తరగతి తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడల్లా ఎవరో ఒక తల్లి ఈ మాట అంటుంది. ఇందులో రెండు భయాలున్నాయి. విడివిడిగా చూద్దాం.

మొదటిది మర్యాద గురించి. హిజ్రీ 5లో ఖందక్ యుద్ధంలో సాద్ బిన్ ముఆజ్ (రజి) గాయపడ్డారు. దైవప్రవక్త (స) ఆయనను మస్జిదులో రుఫైదా (రజి) గుడారంలో ఉంచారు. గాయాలకు కట్టు కట్టి సేవ చేయడం ఆమె పని. మస్జిదులో చోటు దక్కిన ఈ పనిని తక్కువ పని అనగలమా?

రెండో భయం ఉత్తదేమీ కాదు. 2014లో ఇరాక్‌లోని తిక్రిత్ ఆసుపత్రిలో 46 మంది భారతీయ నర్సులు యుద్ధంలో చిక్కుకున్నారు. వారిలో ఎక్కువ మంది కేరళ బిడ్డలు. సాయుధులు వారిని మోసుల్‌కు తరలించారు. జూలై 4న విడిచిపెట్టారు, మర్నాడు వారు కొచ్చిన్ చేరారు. ఆ విమానమే హైదరాబాద్‌కూ వచ్చింది. అందులో ఇరాక్‌కు కూలికి పోయిన మన తెలుగువారూ ఉన్నారు.

యుద్ధం ముంచుకొస్తుంటే వారు ముందే ఎందుకు రాలేదు? చాలామందికి చదువు అప్పు తీరలేదు, రావలసిన జీతం చేతికి రాలేదు. సాయుధులు రాకముందే అప్పు వారిని కట్టిపడేసింది. దుబాయి అప్పులు చూసిన మన ఇళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

అందుకే మూడు మాటలు గుర్తుంచుకోవాలి. ఇంటర్ తర్వాత జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగు నాలుగేళ్లు. చేరేముందు ఆ కళాశాలకు నర్సింగు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడాలి. విదేశానికి పోవాలంటే ఏజెంటు మాట నమ్మి అప్పు చేయకూడదు. 2015 నుంచి గల్ఫ్ వంటి దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నియమం వచ్చింది; మన రాష్ట్రంలో ఆ పనికి టామ్‌కామ్ ఉంది. పాస్‌పోర్టు, ఒప్పంద పత్రాల నకళ్లు ఇంట్లో ఉంచాలి.

ఇక మనవంతు. అర్హులైన పేద ఆడపిల్లల నర్సింగు ఫీజును సొసైటీ విద్యానిధి నుంచి కడదాం. ఏడాదికి ఒక్క బిడ్డతో మొదలుపెట్టినా చాలు. అప్పు లేని బిడ్డ ప్రమాదం కనబడగానే వెనుదిరిగి ఇంటికి రాగలదు. ఆ తల్లికి మేము ఇవ్వగలిగిన జవాబు ఇదే.