ఖాన్ల దిర్హమా, టిప్పు రూపాయా?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో పార్శీ అక్షరాలున్న వెండి నాణెం దొరికింది. తూకం 11 గ్రాముల పైచిలుకు. మంగోల్ ఖాన్లదని, లక్షలు పలుకుతుందని ఒకరన్నారు. ఫొటో పంపుతున్నాను. నిజమేనా?
– ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: కాదండీ. తూకంలోనే తేలిపోయింది. ఇరాన్‌ను ఏలిన మంగోలులు ఇల్‌ఖాన్లు. వారిలో గజన్ ఖాన్ 1297 ప్రాంతంలో నాణేలను చక్కదిద్దాడు. ఆయన వెండి దిర్హం రెండు గ్రాముల పైమాట, జంట దిర్హం నాలుగు గ్రాముల పైమాట. వాటి మీద ఒకవైపు అరబ్బీలో కల్మా, రెండోవైపు ఉయ్‌గుర్ లిపిలో మంగోల్ భాష ఉంటాయి. మీ నాణెం మీద ఆ లిపి జాడే లేదు.

ఫొటోలోని అంకెలను భూతద్దంతో చూడండి. ఎడమ నుంచి చదివితే 6121. అరబ్బీ, పార్శీలలో అక్షరాలు కుడి నుంచి నడిచినా అంకెలను ఎడమ నుంచే వేస్తారు. టిప్పు సుల్తాన్ మాత్రం తాను తెచ్చిన మౌలూదీ శకపు అంకెలను కూడా కుడి నుంచే వేయించాడు. అలా చదివితే మీ నాణెం సంవత్సరం 1216. ఆయన రూపాయి మీద ఆయన పేరు ఉండదు. మీ దాని మీద ఉన్న ‘పటన్’ శ్రీరంగపట్నం టంకశాల. ఈ రూపాయినే ‘ఇమామీ’ అనేవారు. గుర్రంకొండ సీమ హైదర్, టిప్పుల ఏలుబడిలో ఉండేది కనుక ఈ నాణెం మీ ఇంటికి చేరడంలో వింత లేదు. లక్షల మాట నమ్మి ఎవరి చేతిలోనూ పెట్టకండి. నా దృష్టిలో ఎక్కడిదో తెలియని దిర్హం కంటే మీ సీమలో చెలామణీ అయిన ఈ రూపాయే విలువైనది.

ప్రశ్న: మంగోలులకూ తెలుగు నేలకూ సంబంధమేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, పుంగనూరు

జవాబు: ఉంది, సముద్రం మీదుగా. కుబ్లయ్ ఖాన్ కొలువులో పనిచేసిన మార్కో పోలో తన గ్రంథంలో వర్ణించిన ‘ముత్ఫిలి’ కాకతీయుల రేవు మోటుపల్లేనని చరిత్రకారులు గుర్తించారు. అక్కడి వజ్రాలను, సన్నని బట్టలను ఆయన మెచ్చుకున్నాడు. చైనా నుంచి ఆయన వెంట ఓడలో ఇరాన్‌కు వెళ్లిన రాకుమార్తె కొకాచిన్ చివరికి పెళ్లాడింది పై జవాబులోని గజన్ ఖాన్‌నే.

ప్రశ్న: పునాది తవ్వుతుంటే ముంతెడు వెండి నాణేలు బయటపడ్డాయి. నల్లగా ఉన్నాయి. తోమవచ్చా?
– ఒక పాఠకుడు, కుప్పం

జవాబు: వద్దు. చింతపండు, విబూది దగ్గరికే రానివ్వకండి. నలుపుతోపాటు అక్షరాలూ అరిగిపోతాయి. ముంత పెంకులను కూడా పారేయకండి. ఏ లోతులో, ఏ మట్టిలో దొరికాయో రాసిపెట్టుకోండి.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే దొరికినవారి వాటా పోతుంది, ఏడాది దాకా జైలుశిక్ష కూడా పడవచ్చు. ఆ నాణేలను కూలీలూ మీరూ తలా కొన్ని పంచుకోకుండా, ముంతతో సహా ఒకేచోట ఉంచి వెంటనే అర్జీ పెట్టండి.