ముహూర్తం శుక్రవారమా, శనివారమా?



మేనల్లుడా, నువ్వు పెట్టిన నాలుగు ముక్కల మెసేజీ తెనాలికి అందింది. "పిటిషన్ కొట్టేశారు అత్తా" అని రాసి ఊరుకున్నావు. దానికి ఈ అత్త పెద్దగా కంగారు పడలేదు. ఉద్యోగమంతా కాగితాల మధ్య గడిపిన మనిషికి కాగితం తిరిగి రావడం కొత్తేమీ కాదు. కంగారు పెట్టింది మీ బాబాయి ఇంట్లో విన్న మాట. నువ్వు పెళ్లాడిన అమ్మాయిని ముందు విజిటర్ వీసా మీద అమెరికా రప్పించేసుకోమని ఎవరో మహానుభావుడు నీకు సలహా ఇచ్చాడట. అది కుదరకపోతే గుళ్లో మళ్లీ తాళి కట్టి, కొత్త తేదీతో కొత్త సర్టిఫికెట్టు తీసుకుని, కొత్తగా పిటిషన్ వేసెయ్యమన్నాడట. నువ్వు "చూద్దాం" అన్నావట. ఆ "చూద్దాం" విన్నాకే అత్త కలం పట్టింది.

ముందు విజిటర్ వీసా సంగతి. అమెరికా చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. ఆ వీసా అడిగేవాళ్లు ఎవరైనా అక్కడ స్థిరపడిపోవడానికే వస్తున్నారని అధికారి మొదటే అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే భారం అడిగినవాళ్లది. మొగుడు డాలస్‌లో ఉండగా, మూడు నెలల్లో తిరిగొచ్చేస్తానని తెనాలి పిల్ల ఏం చూపించి నమ్మిస్తుంది? పైగా ఆ వీసాకు పెట్టే డీఎస్-160 ఫారంలో సూటిగా ఒక ప్రశ్న ఉంటుంది: మీ తరఫున ఎప్పుడైనా, ఎవరైనా ఇమ్మిగ్రెంట్ పిటిషన్ వేశారా? వేశారంటే ఆ వీసా దాదాపు రానట్టే. వెయ్యలేదంటే అబద్ధం. వీసా కోసం అబద్ధమాడారని తేలితే 212(ఎ)(6)(సి) కింద జీవితాంతం నిషేధం. దాన్ని తొలగించమని ఐ-601 వేసుకోవచ్చు, కానీ అందులో ఆ పిల్ల రాకపోవడం వల్ల నీకు మామూలు కష్టం కాదు, విపరీతమైన కష్టం కలుగుతోందని రుజువు చెయ్యాలి. లేని కష్టం కొని తెచ్చుకుని, తర్వాత దానికి రుజువులు వెతుక్కోవడం ఎందుకు నాన్నా?

రాత్రి షిఫ్టు చేసొచ్చి ఏమీ తినకుండా పడుకుంటున్నావని అమ్మాయి చెప్పింది. ముందు లేచి ఏమైనా తిను. మిగతాది తర్వాత చదువు.

నీకు కాస్త ఊరట కలిగించే విషయం ఒకటుంది. కొట్టేసింది భార్యను పిలిపించుకోవడానికి నువ్వు వేసిన ఐ-130 పిటిషన్‌ని, అమ్మాయి వీసాని కాదు. ఈ రెండింటికీ చాలా తేడా. లాస్ ఏంజెలెస్‌లో శాండ్రా మున్యోజ్ అని అమెరికా పౌరురాలు, కార్మికుల తరఫున వాదించే లాయరు. 2010లో ఎల్ సాల్వడార్ దేశస్థుణ్ణి పెళ్లాడింది. ఆమె వేసిన పిటిషన్ మంజూరైంది. తీరా అతను శాన్ సాల్వడార్‌లో ఇంటర్వ్యూకి వెళితే 2015లో వీసా ఇవ్వలేదు. సెక్షన్ చెప్పారు, సంగతి చెప్పలేదు. ఒంటి మీది పచ్చబొట్లు చూసి నేరస్థుల ముఠా మనిషని అనుమానించారని ఆ దంపతులకు తెలిసేసరికి ఏళ్లు గడిచాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విదేశీయుడైన భర్తను దేశంలోకి రప్పించుకోవడం పౌరురాలికి రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కేమీ కాదని 2024 జూన్ 21న 6-3 మెజారిటీతో తీర్పు వచ్చింది. కాన్సులర్ అధికారి ఒకసారి కాదన్నాక కోర్టులు చాలావరకు వేలు పెట్టవు. నీ ఫైలు ముంబై కాన్సులేట్ గుమ్మం దాకా ఇంకా వెళ్లనేలేదు. నీకు కారణాలు రాతపూర్వకంగా ఇచ్చారు. జవాబు చెప్పుకునే దారులూ ఉన్నాయి. ఆవిడకు దొరకనిది నీకు దొరికింది.

ఆ కారణాలు రెండు. రెండోది నీ బద్ధకం, దాని పని తర్వాత పడదాం. మొదటిది తేదీ. అత్తకు నిద్ర పట్టనివ్వనిది అదే.

మీ శుభలేఖ ఒకటి బీరువాలో భద్రంగా ఉంది. నాలుగు మూలలా పెట్టిన పసుపు ఇంకా పోలేదు. "శుక్రవారం రాత్రి తె. 2.47 ని.లకు" అని, కింద బ్రాకెట్లో "తెల్లవారితే శనివారం" అని అచ్చేశారు. పంచాంగం లెక్కలో వారం సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయం దాకా నడుస్తుంది కాబట్టి పురోహితుడికి అది శుక్రవారమే. గవర్నమెంటుకు అర్ధరాత్రి పన్నెండు దాటితే తేదీ మారిపోతుంది కాబట్టి సర్టిఫికెట్టులో శనివారం తేదీ పడింది. రెండూ నిజమే. నువ్వేమో ఫారంలో శుక్రవారం తేదీ వేశావు, పెళ్లి వీడియో మొదట్లో పూలు రాలుతూ కనిపించే తేదీ అదే కాబట్టి. శుభలేఖను ఇంగ్లీషులో పెట్టిన నీ స్నేహితుడు ఆ బ్రాకెట్టు ముక్కను వదిలేశాడు. ఇంగ్లీషులో లేని ఏ కాగితమైనా పూర్తిగా అనువదించాలనీ, అది సమగ్రం, సరైనది అని అనువదించినవాళ్లు సంతకం చెయ్యాలనీ వాళ్ల నిబంధన. పూర్తిగా అంటే పైనున్న శ్లోకం దగ్గర్నుంచి అడుగున బంధుమిత్రుల అభినందనల దాకా. ఇంత చేసి, తేదీల్లో తేడా ఎందుకొచ్చిందో చెప్పమని వాళ్లు అడిగితే నువ్వు రాసిన జవాబు ఒక్క ముక్క: టైపింగ్ పొరపాటు.

పొరపాటు ఎక్కడుందిరా అందులో? శుభలేఖ తప్పు కాదు, సర్టిఫికెట్టు తప్పు కాదు. ఉన్న నిజాన్ని లేని పొరపాటుగా ఒప్పేసుకున్నావు. కాగితాలకూ కాగితాలకూ పొంతన లేనప్పుడు వివరణ ఒక్కటే చాలదు, స్వతంత్రమైన ఆధారాలతో ఆ తేడాను తీర్చాలి అని వాళ్ల ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 1988లోనే 'మ్యాటర్ ఆఫ్ హో' అనే కేసులో చెప్పింది. ఒకచోట అనుమానం పుడితే మిగతా ఆధారాల మీదా నమ్మకం సడలుతుందని కూడా అందులోనే ఉంది. అధికారిని తిట్టి లాభం లేదు. తెల్లవారుజామున పెళ్లిళ్లు చేసుకునే జనం ఉంటారని అతనికెలా తెలుస్తుంది? చెప్పాల్సింది నువ్వు.

అత్త 1983లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరింది. 1998లో 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు వచ్చేదాకా దస్తావేజులన్నిటికీ చేత్తోనే నకళ్లు రాయాలి. వేళ్లకు అంటిన సిరా అన్నం తినేటప్పుడు కూడా వదిలేది కాదు. బయట వేపచెట్టు కింద దస్తావేజు లేఖరులు, వాళ్ల పక్కన సోడాబండి. అక్కడికి ఒకసారి ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. కూతురు చికాగోలో ఉంది, వీళ్లను పిలిపించుకోవడానికి పెళ్లి సర్టిఫికెట్టు కావాలంది. పెళ్లయింది 1961లో, ఒక్క కాగితం లేదు. ఏ రోజు జరిగిందంటే ఆయన బుధవారమంటాడు, ఆవిడ గురువారమంటుంది. ఇంతమంది ముందు భార్య తన మాట కాదన్నదని ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. ముహూర్తం ఎన్నింటికని అడిగితే మాత్రం ఇద్దరూ ఒకేసారి తెల్లవారుజాము మూడున్నర అన్నారు. గుమాస్తాలంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "అయితే ఇన్నాళ్లూ ఈయన కూడా ఒప్పేనన్నమాట" అంది.

అత్త పెళ్లి కూడా అలాంటి వేళలోనే జరిగింది. మీ మామయ్య ఉన్నన్నాళ్లూ రెండు తేదీలకూ ఆత్రేయపురం పూతరేకులు తెప్పించేవారు. ఇప్పుడు ఒక్క తేదీ కూడా గుర్తు చేసేవాళ్లు లేరు. సరే, అది అలా ఉంచు.

ఇందులో మీకు కలిసొచ్చిన సంగతి, మీ పెళ్లి రిజిస్టరైంది. హిందూ వివాహ చట్టం 8వ సెక్షన్ ఎప్పట్నుంచో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే తప్పనిసరి రిజిస్ట్రేషన్ చట్టం చేశారు. దేశమంతటా పెళ్లిళ్లన్నీ రిజిస్టరు కావాల్సిందేనని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అసలు తేదీ సర్టిఫికెట్టులోదే, అందులో రెండో మాట లేదు. చేయాల్సిందల్లా మిగతా కాగితాలు ఆ తేదీతో ఎలా కలుస్తాయో చూపించడం. ఆ ఏటి పంచాంగంలో ఆ పేజీ, కల్యాణ మండపం రసీదు, రిజిస్ట్రార్ ఆఫీసు ధ్రువీకరించిన నకలు, శుభలేఖకు అక్షరం పొల్లుపోని అనువాదం. వీటితోపాటు పురోహితుడి అఫిడవిట్టు, పెళ్లి కళ్లారా చూసిన మరొకరి అఫిడవిట్టు. ప్రతి అఫిడవిట్టులో వాళ్ల పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఆ సంగతి తమకెలా తెలుసో ఉండాలి. ముఖ్యంగా పురోహితుడు వారం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో రెండు వాక్యాల్లో రాయాలి. ఆ రెండు వాక్యాలు నీ పెళ్లి ఫొటోలన్నిటికంటే విలువైనవి.

ఇక మళ్లీ తాళి కట్టే ఆలోచన. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో 7వ సెక్షన్ ప్రకారం సప్తపది ఉన్న పెళ్లి ఏడో అడుగుతో పూర్తవుతుంది. మీది పూర్తయింది. రెండోసారి కట్టి కొత్త తేదీ వేస్తే, మొదటి పిటిషన్‌లో చెప్పిన పెళ్లి ఏమైనట్టు? పాత ఫైలు ఎక్కడికీ పోదు, కొత్త దాని పక్కన పెట్టి చూస్తారు. వలస కోసం ఆడిన దొంగ పెళ్లి అని ఒకసారి తేల్చారంటే 204(సి) సెక్షన్ కింద ఆ పిల్ల కోసం ఇంకెవరు ఏ పిటిషన్ వేసినా, రేపు ఏదైనా కంపెనీ ఉద్యోగం ఇచ్చి వేసినా సరే, మంజూరు చెయ్యరు. 1986లో తెచ్చిన చట్టం ప్రకారం అలాంటి పెళ్లికి 5 ఏళ్ల దాకా జైలు, 2,50,000 డాలర్ల దాకా జరిమానా. నిక్షేపంలాంటి పెళ్లి చేసుకుని దొంగల వరసలో నిలబడతావా?

ఇప్పుడు నీ బద్ధకం. పెళ్లినాటికి కలిసి బతకాలనే ఉద్దేశం ఇద్దరికీ ఉందా లేదా అన్నదే వాళ్ల ప్రశ్న. దానికి నువ్వు పంపినవన్నీ తలంబ్రాల ఫొటోలే. పెళ్లి జరిగిందని వాటితో తెలుస్తుంది, కాపురం సంగతి తెలియదు. నువ్వు ఇక్కడికి వచ్చి వెళ్లిన విమానం టిక్కెట్లు, నెలనెలా పంపే డబ్బు రసీదులు, ఫోన్ల లెక్క, బీమాలో నామినీగా ఆమె పేరు... ఇవన్నీ ఉన్నాయి కదా, ఎందుకు పంపలేదు? అమ్మాయి పాస్‌పోర్టు చివరి పేజీలో భర్త పేరు ఉందేమోనని అత్త చూసింది. ఆ పేజీలో ఇంకా పాత వివరాలే ఉన్నాయి, మార్పించమని అమ్మాయికి చెప్పింది.

ఇంకోటి అడగాలి. పెళ్లయ్యాక కూడా టాక్సు రిటర్నులో అవివాహితుడివని వేశావట, నిజమేనా? డిసెంబర్ 31 నాటికి పెళ్లయి ఉంటే ఆ ఏడాదికి 'సింగిల్' అని వెయ్యడానికి వీల్లేదు, భార్య ఏ దేశంలో ఉన్నా సరే. 1040-ఎక్స్ వేసి సరిచెయ్యి. ఉమ్మడిగా వెయ్యాలనుకుంటే అమ్మాయికి డబ్ల్యూ-7 పెట్టి ఐటీఐఎన్ తీసుకోవాలి. ఒకచోట భార్య ఉందని, మరోచోట లేదని సంతకం పెట్టి కూర్చుంటే ఏ అధికారి నమ్ముతాడు? కోప్పడుతోందనుకోకు. చిన్నప్పుడు లెక్కల పరీక్షలో స్టెప్పులు రాయకుండా జవాబు ఒక్కటే రాసొచ్చేవాడివి. మాస్టారు సున్నా వేస్తే ఏడ్చుకుంటూ అత్త దగ్గరికే వచ్చేవాడివి. అప్పుడూ జవాబు సరైనదే.

ఇక అప్పీలా, కొత్త పిటిషనా అన్నది తేల్చుకోవాలి. అప్పీలైతే ఈఓఐఆర్-29 ఫారం, కొట్టేసిన ఆఫీసుకే పంపాలి, వాళ్లు బోర్డుకు పంపుతారు. మళ్లీ తెరిచి చూడమని అడగడానికి ఐ-290బి. రెండింటికీ గడువు 30 రోజులు, నిర్ణయం పోస్టులో వస్తే ఇంకో 3. అయితే అడిగినప్పుడు పంపని ఆధారాన్ని అప్పీలులో తొలిసారి పెడితే చూడబోమని 1988 నాటి 'మ్యాటర్ ఆఫ్ సొరియానో'లో బోర్డు చెప్పేసింది. నీది సరిగ్గా ఆ పరిస్థితే. అందుకని అత్త ఓటు కొత్త ఐ-130కే. ఇన్నిసార్లే వెయ్యాలన్న లెక్క లేదు, ఆగాల్సిన కాలం కూడా లేదు. 2024 ఏప్రిల్ 1న పెంచిన ఫీజు ప్రకారం కాగితం మీదైతే 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో 625. పాత పిటిషన్ కొట్టేశారన్న సంగతి దాచకుండా, ఎందుకు కొట్టేశారో, ఇప్పుడేం తెచ్చావో మొదటి పేజీలోనే రాయాలి.

ఒక్క షరతు. నీకొచ్చిన ఉత్తరంలో ఎక్కడైనా 204(సి) అనే అంకె ఉందేమో పట్టి పట్టి చూడు. ఉంటే మాత్రం కొత్తది వేసి చేతులు దులుపుకోవడం కుదరదు, గడువులోపే దాన్ని ఎదుర్కోవాలి. అది లైసెన్సున్న లాయరు చేసే పని, విజిటర్ వీసా సలహా ఇచ్చిన మహానుభావుడిది కాదు. 30 రోజుల లెక్క కూడా ఆ ఉత్తరాన్ని నువ్వు విప్పి చూసిన రోజు నుంచి కాదు, వాళ్లు పంపిన తేదీ నుంచి. పురోహితుడి అఫిడవిట్టు సోమవారం నోటరీ అవుతుంది. ఆ సాయంత్రమే అమ్మాయి అన్నీ కలిపి కొరియర్లో వేస్తుంది. నువ్వు ఈలోగా లాయరు దగ్గర టైము తీసుకుని పెట్టుకో.